నో డ్యూస్

భిలాయి స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి క్వార్టర్ అప్పగించేటప్పుడు అన్నిటికీ లెక్క చూస్తారు. తలుపులు, గడియలు, కుళాయిలు, స్విచ్ బోర్డులు, కరెంటు బాకీ. అన్నీ సరిపోతేనే ‘నో డ్యూస్’ కాగితం చేతికొస్తుంది. పెరట్లో ఇన్నేళ్లూ నీళ్లు పోసి పెంచిన జామచెట్టు ఆ లెక్కలోకి రాదు. తరవాత ఎవరు దిగితే వాళ్లు కాయలు కోసుకుంటారు. మునగచెట్టూ అంతే. ఏ లెక్కలోకీ రాకుండా, అలాగని చెట్టులా అక్కడే వదిలెయ్యడానికీ వీల్లేకుండా మిగిలేది కుక్క. సామాన్లు కట్టే రోజుల్లో దానికి కాలు నిలవదు. మంచం విప్పుతుంటే మంచం దగ్గర, గిన్నెలు గోనెసంచిలో వేస్తుంటే వంటింటి గుమ్మంలో. అందరూ తిరుగుతున్నారు కదా, మనమూ ఎక్కడికో బయల్దేరుతున్నామనే దాని ఊహ.

దుర్గ్ వైపు ఒక జంతువుల ఆశ్రయంలో అలాంటి దాన్ని చూశాను. తెల్ల కుక్క, బొచ్చు కొంచెం అట్టలు కట్టింది, వయసు పదేళ్లు. మనం అలవాటుగా పొమేరియన్ అంటాం గానీ నిజానికి అది ఇండియన్ స్పిట్జ్. పేరు టఫీ. వీధికుక్కల మధ్య ఇంటికుక్కను గుర్తుపట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. దెబ్బ తగిలి వీధిలోంచి వచ్చిన కుక్క గిన్నె కనబడగానే తినేసి, నీడ చూసుకుని పడుకుంటుంది. ఇంటినుంచి వచ్చింది గిన్నె వంక చూడదు, గేటు వంక చూస్తుంది. బయట స్కూటర్ ఆగితే చెవులు రెండూ లేస్తాయి. అక్కడ పనిచేసే ఛత్తీస్‌గఢీ కుర్రవాడు ‘బైఠో, బైఠో’ అని బతిమాలుతున్నాడు. అది నిలబడే ఉంది. నేను ‘కూచోమ్మా’ అన్నాను. కూర్చుంది. కుర్రవాడు నా వంక అనుమానంగా చూశాడు, వదిలేసిన మనిషిని నేనేనేమోనని.

తెలుగు తప్ప మరో భాష రాని కుక్క భిలాయిలో ఉండటం వింతేమీ కాదు. 1955లో ప్లాంటు కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది, 1959 ఫిబ్రవరిలో రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. అప్పటినుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మనవాళ్లు కూలికీ, కాంట్రాక్టు పనికీ, ఉద్యోగానికీ వచ్చి ఇక్కడ దిగారు. సెక్టార్ 5లో బాలాజీ గుడి కట్టుకున్నారు. ఖుర్సీపార్ బజారులో తెలుగులో బేరమాడితే ఇప్పటికీ పని జరుగుతుంది. కానీ టౌన్‌షిప్ క్వార్టర్ కంపెనీది. ఎన్నాళ్లున్నా అద్దె ఇల్లే. అరవై నిండాక కొందరు సుపేలాలోనో, రిసాలీలోనో ఇల్లు కట్టుకుని ఉండిపోతారు. మిగతావాళ్లు విశాఖపట్నంలో కొన్న ఫ్లాటుకో, హైదరాబాదులో కొడుకు దగ్గరికో, అమెరికాలో కూతురు పురిటికో బయల్దేరతారు.

ఇక్కడ ఒక లెక్క ఉంది, ఎవరూ ముందుగా వెయ్యనిది. భిలాయిలో పిల్లలు పన్నెండో తరగతి దాకా కోచింగుల్లో నలిగి, ఆ తరవాత ఇంజనీరింగుకని ఊరు దాటతారు. అప్పటికి తండ్రికి యాభై. ఇల్లు ఒక్కసారిగా చప్పుడు లేకుండా పోతుంది. ఏ షిఫ్టుకో ఆయన వెళ్లిపోతే ఇల్లాలు ఒక్కతే. సరిగ్గా అప్పుడే కుక్కపిల్ల వస్తుంది. ‘మాకెందుకండీ, పాప గొడవ చేస్తే తెచ్చాం’ అంటారు. పాప సెలవులకు వచ్చి ఫొటోలు తీసుకుని పోతుంది. కుక్క మాత్రం ఆవిడ వెనకాలే వంటింట్లో పెరుగుతుంది. స్పిట్జ్ సుమారు పన్నెండు నుంచి పదిహేనేళ్లు బతుకుతుంది, లాబ్రడార్ పది పన్నెండేళ్లు. యాభైలో తెచ్చిన పిల్ల, రిటైర్‌మెంటు నాటికి పదేళ్ల ముసలిది. కీళ్లనొప్పులు, కంట్లో పొర, రాత్రి రెండుసార్లు బయటికి తీసుకెళ్లాల్సిన అవసరం. మనిషికీ కుక్కకీ ఒకేసారి వృద్ధాప్యం వస్తుంది, అదే నెలలో ఇల్లూ పోతుంది. క్రూరత్వం వల్ల రోడ్డున పడే కుక్కలు వేరు. మన కాలనీల కుక్కల కష్టం ఎక్కువగా ఈ తారీఖుల లెక్క తప్పడం వల్ల వచ్చేదే.

మోజులూ కారణమే. 1994లో ‘హమ్ ఆప్కే హై కౌన్’ వచ్చి అందులో టఫీ అనే తెల్ల కుక్క అంపైరింగు చేసేసరికి వీధికో టఫీ పుట్టింది. 2003లో హచ్ ఫోన్ కంపెనీ ప్రకటన వచ్చాక పగ్‌లు. ఇప్పుడు హస్కీలట. మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటే ఊళ్లో, సైబీరియా మంచుకు పుట్టిన బొచ్చుతో ఒక ప్రాణిని కూలర్ ముందు కట్టేసి ముద్దు చేస్తున్నారు. దానికి నోరుంటే ఏమనేదో, రాయకపోవడమే మర్యాద.

సరే, వెంట తీసుకుపోవచ్చు కదా అంటారా? దుర్గ్ నుంచి విశాఖకు రైలు దారి 550 పైచిలుకు కిలోమీటర్లు. 2024 సెప్టెంబరు నుంచి వందే భారత్ కూడా నడుస్తోంది, అయితే అది కుర్చీల బండి, కుక్కకు చోటు లేదు. రైల్వే నియమం ప్రకారం కుక్కను దగ్గర కూర్చోబెట్టుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మనమే తీసుకోవాలి. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్ కుదరవు. కూపే దొరక్కపోతే బ్రేక్ వ్యానులో ఉండే ఇనప పెట్టె గతి. పదేళ్లు సోఫా కింద నిద్రపోయిన కుక్కను ఆ పెట్టెలో వేసి రాత్రంతా పంపడానికి చాలామందికి మనసొప్పదు. వదిలెయ్యడానికి మాత్రం ఎలా ఒప్పుతుందో నాకు అంతుపట్టదు. కారు మాట్లాడుకుంటే ఒక పగలు ప్రయాణం. సామాన్ల లారీకి ఇచ్చే దానితో పోలిస్తే ఆ ఖర్చు పెద్దదేమీ కాదు.

అమెరికా సంగతి ఇంకా చిక్కు. కుక్కల ద్వారా రేబిస్ వచ్చే ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో ఇండియా ఉంది. 2024 ఆగస్టు 1 నుంచి అక్కడ కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. కుక్కకు ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, టీకా పత్రం ఉండాలి. వాళ్లు ఒప్పుకున్న ప్రయోగశాలలో రక్తపరీక్ష జరగాలి, లేదంటే దిగాక 28 రోజులు క్వారంటైన్‌లో పెట్టాలి. మనకు వీసా రావడమే సులువనిపిస్తుంది.

ధర్మరాజుకూ ఇదే ఇబ్బంది వచ్చింది. మహాప్రస్థానంలో తమ్ముళ్లూ భార్యా ఒక్కొక్కరే రాలిపోయాక, చివరిదాకా వెంట నడిచిన కుక్కతో నిలబడితే ఇంద్రుడు రథం తెచ్చాడు. మీరు ఎక్కండి, కుక్క కుదరదు అన్నాడు. కుక్కలున్నవాళ్లకు స్వర్గంలో చోటు లేదట. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కార్యదర్శులకు మూలపురుషుడెవరో ఇక్కడ తెలుస్తుంది. ధర్మరాజు రథం ఎక్కలేదు, స్వర్గమే వద్దన్నాడు. ఆ కుక్క యమధర్మరాజేనని తరవాత తేలింది కాబట్టి ఆయనకు నష్టమేమీ రాలేదు. కానీ ఆ సంగతి తెలియకముందే వద్దన్నాడు. మన భారతం కథ మొదలయ్యేదీ కుక్క ఫిర్యాదుతోనే. తప్పేమీ చెయ్యని తన బిడ్డను జనమేజయుడి తమ్ముళ్లు కొట్టారని తల్లికుక్క సరమ యాగం దగ్గరికే వచ్చి రాజును నిలదీస్తుంది. దాన్ని నన్నయ కూడా వదలకుండా తెలుగు చేశాడు. మొదట ఒక కుక్క, చివర ఒక కుక్క. ఇంత చదివిన జాతి మనది.

ఫ్లాటులో కుక్కను ఒప్పుకోరనే మాట గురించి ఒక్క ముక్క. పెంపుడు జంతువులను నిషేధించే అధికారం ఏ హౌసింగ్ సొసైటీకీ లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. లిఫ్టు వాడొద్దనడానికీ లేదు. గట్టిగా అడిగితే చాలాచోట్ల తగ్గుతారు. చట్టం ఇంకో వైపు కూడా చెబుతుంది. రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో పట్టుబట్టగా వచ్చిన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం, తిండీ నీళ్లూ లేక బాధపడే స్థితిలో జంతువును కారణం లేకుండా వదిలెయ్యడం నేరం. మొదటిసారికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా. 1960లో యాభై రూపాయలంటే భయం ఉండేదేమో, ఇప్పుడు కారు పార్కింగుకు ఇస్తున్నాం.

అందుకే ఆశ్రయానికి తెచ్చి అప్పగించినవాళ్లను నేను తిట్టలేను. రాత్రిపూట మరోదా వైపో, హైవే మీదో కారు తలుపు తీసి దింపేసి వెళ్లేవాళ్లకంటే వీళ్లు చాలా నయం. కాగితం మీద సంతకం పెడతారు, టీకాల కార్డు ఇస్తారు, కొందరు దుప్పటి కూడా ఇస్తారు. ఆ దుప్పటి మంచి పని చేస్తుంది. 1997లో అమెరికాలో ఒక షెల్టర్ కుక్కల రక్తం పరీక్షించిన శాస్త్రజ్ఞులు, వచ్చిన మొదటి మూడు రోజుల్లో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ బాగా ఎక్కువగా ఉంటుందని గమనించారు. ఆ రోజుల్లో తెలిసిన వాసన ఒక్కటి దగ్గరుంటే అది కొంచెమైనా కుదుటపడుతుంది.

నాకు పేచీ ఉన్నది ఆ తరవాత. పెద్ద కుక్కను ఎవరూ తీసుకోరు. ‘ముసలిదండీ, వాళ్లనే తలుచుకుంటూ ఉంటుంది, మనకు అలవాటు పడదు’ అంటారు. కుక్క విశ్వాసాన్ని మనం ఎంతగా పొగిడామంటే, అది దాని మెడకే చుట్టుకుంది. టోక్యోలో చనిపోయిన యజమాని కోసం తొమ్మిదేళ్లు స్టేషన్ దగ్గర ఎదురుచూసిన హచికోకు విగ్రహం ఉంది. రష్యాలో, కార్ల ఫ్యాక్టరీ ఊరు తొల్యాత్తిలో, ఏడేళ్లు రోడ్డు పక్కన ఎదురుచూసిన కుక్కకు 2003లో కంచు విగ్రహం పెట్టారు. కొత్త ఇంటికి వెళ్లి, రెండు వారాల్లో అన్నం తిని, నెల తిరిగేసరికి ఆ ఇంటి గుమ్మం కాపలా కాసిన కుక్కకు ఎవరూ విగ్రహం పెట్టలేదు. ఎక్కువ కుక్కలు చేసేది అదే. గుడ్డివారికి దారి చూపే కుక్కల్ని చూడండి. పసితనంలో ఒక కుటుంబం పెంచుతుంది, శిక్షకుడు తర్ఫీదిస్తాడు, ఆ తరవాత మూడో మనిషి చేతికి వెళ్లి అతని ప్రాణానికి పూచీ పడతాయి. 2019 నవంబరులో ఢిల్లీ మెట్రోకు కాపలా కాసిన ఏడు కుక్కలకు సీఐఎస్ఎఫ్ వాళ్లు వీడ్కోలు సభ పెట్టి, జ్ఞాపికలిచ్చి, ఒక స్వచ్ఛంద సంస్థకు అప్పగించారు. భిలాయి ప్లాంటు గేట్ల దగ్గర కాపలా ఉండేదీ ఆ సీఐఎస్ఎఫే. కుక్కను గౌరవంగా రిటైర్ చెయ్యడం ఎలాగో ఊరికి తెలియకపోలేదు.

నిజం చెప్పాలంటే పెద్ద కుక్కను తెచ్చుకోవడమే సుఖం. చెప్పులు కొరకదు, పరుపు తడపదు. దాని గుణం ఏమిటో అప్పటికే తెలిసిపోయి ఉంటుంది. పిల్లను తెస్తే పెద్దయ్యాక ఎలా తేలుతుందో ఎవరికి తెలుసు? అరవై దాటి రిసాలీలో సొంతింట్లో స్థిరపడ్డ దంపతులకు, పదిహేనేళ్లు బతికే పిల్లకంటే నాలుగేళ్లు తోడుండే పెద్ద కుక్కే సరిపోతుంది. మొదట్లో ఓపిక కావాలి. నాలుగు రోజులు తినకపోవచ్చు, మంచం కిందే ఉండిపోవచ్చు. బలవంతం చెయ్యకుండా, రోజూ ఒకే వేళకు గిన్నె పెట్టి, ఒకే దారిలో నడిపిస్తే చాలు.

రిటైర్‌మెంటు ఇంకో ఏడాదిలో ఉన్నవాళ్లకు నా మనవి ఒకటి. గ్రాట్యుటీ కాగితాలు ఎంత ముందుగా సిద్ధం చేసుకుంటారో, కుక్క సంగతీ అంత ముందుగా తేల్చుకోండి. వెంట తీసుకెళ్లగలరా? కారు మాట్లాడండి, ఫ్లాటువాళ్లతో ఇప్పుడే తేల్చుకోండి. లేదా, ఇక్కడే ఉండిపోయే స్నేహితుల ఇంట్లో వారానికోసారి వదిలి అలవాటు చెయ్యండి. రెండూ కుదరక ఆశ్రయానికే ఇవ్వాల్సివస్తే టీకాల కార్డు, పాత దుప్పటితో పాటు ఒక కాగితం రాసివ్వండి. ఏం తింటుంది, ఉరుములకు భయపడుతుందా, పిల్లలతో ఎలా ఉంటుంది, ఏ భాషలో పిలిస్తే పలుకుతుంది. ఇక కుక్కను పెంచుకుందామనుకుంటున్నవాళ్లు కుక్కపిల్లల్ని అమ్మేవాడికి ఫోను చేసేముందు ఒక ఆదివారం పొద్దున ఆశ్రయానికి వెళ్లి, చివరి గదుల్లో ఉన్న పెద్దవాటిని చూసి రండి. తెలుగువాళ్లయితే ఒకసారి తెలుగులో పిలిచి చూడండి.