శివారు గది

చదువవలసిన వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 6:1–7



గత శీతకాలమున నేనును నా భార్యయు ఇంగ్లండులో కాపురమున్న మా కుమార్తె యింట రెండు మాసములు గడిపితిమి. కోనసీమలో పుట్టి పెరిగిన మాకు చలి యనగా క్రిస్మసు దినములలో వేకువజామున దుప్పటి వెదకుకొను పాటి చలియే. అక్కడి చలి వేరు. అందుచేత ఆ దేశపు ఇండ్లలో ఒక బాయిలరు నీటిని కాచును. ఒక పంపు ఆ వేడినీటిని గొట్టముల గుండ ఇల్లంతయు త్రిప్పును. ప్రతి గదిలో గోడకు బిగించిన రేడియేటరు అను ఇనుప పలకలో ఆ నీరు ప్రవేశించి, తన వేడిమిని గదికిచ్చి, కొంత చల్లబడి, మరల బాయిలరును చేరును.

మాకిచ్చిన గది మేడమీద చిట్టచివరిది. క్రింద హాలులో అల్లుడు పలుచని చొక్కాతో తిరుగుచుండగా, మేము పైన శాలువలు కప్పుకొని వణకుచుంటిమి. "బాబూ, బాయిలరు కొంచెం పెంచరాదా?" అంటిని. అతడు పెంచెను. హాలు ఉడికిపోయి కిటికీ తెరువవలసివచ్చెను గాని, మా గది మాత్రము మారలేదు.

ఆ శనివారము అల్లుడు పనిముట్లు పట్టుకొని కూర్చుండెను. మొదట ప్రతి రేడియేటరు పైభాగమున చిన్న తాళపుచెవితో మర త్రిప్పి, లోపల చిక్కుకొన్న గాలిని వదలివేసెను. పిమ్మట అన్నిటిని పూర్తిగా తెరచి, ఏది ముందు వేడెక్కుచున్నదో, ఏది వెనుక వేడెక్కుచున్నదో కాగితముపై వరుసగా వ్రాసికొనెను. రేడియేటరుకు రెండు ప్రక్కల రెండు మరలుండును. ఒకటి దినదినము మనము త్రిప్పునది. రెండవది మూత క్రింద దాగియుండును. దానిని ఎవరును ముట్టరు. అతడు ఆ రెండవ మరనే పట్టుకొనెను. బాయిలరుకు దగ్గరి రేడియేటరును చాలవరకు బిగించి, తరువాతిదానిని కొంత తక్కువగా బిగించి, మా గదిదానిని పూర్తిగా తెరచియుంచెను. నీరు లోనికి పోవుచోటను వెలికి వచ్చుచోటను వేడిమి కొలిచి, ఆ రెంటికిని భేదము ప్రతిచోట సుమారు 11 డిగ్రీలు ఉండునట్లు కొంచెము కొంచెముగా సరిచేసెను. సాయంకాలమునకు మా గది వెచ్చబడెను.

"నీళ్లు సులువైన దారినే పోతాయి, మామయ్యగారూ! దగ్గరది నోరు తెరుచుకుని ఉంటే దూరపుదానికి అందవు. మంట పెంచితే లాభం లేదు. దగ్గరవాటిని కాస్త బిగించాలి," అనెను.

నేను నవ్వుకొంటిని. ఈ సంగతి మా శివారు రైతు ఎరుగనిదా? ధవళేశ్వరమున 1847లో ఆరంభమై 1852లో ముగిసిన కాటను దొరగారి ఆనకట్ట గోదావరి నీటిని మా డెల్టాకు మళ్లించెను. ఆ నీరు లొల్ల లాకులు దాటి, పాయలై, గన్నవరము అక్విడక్టు మీదుగా వైనతేయను సహితము దాటి, సముద్రపుటొడ్డు పల్లెల వరకు పోవలెను. అయినను ఎగువ రైతు తూము బార్లా తెరచినచో దిగువ చేను ఎండును. అందుకే దాళ్వాలో నీరు తగ్గినప్పుడు వంతులు పెట్టుదురు. నది నిండుగా పారినంత మాత్రమున శివారు చేను తడియదు.

ఆ రాత్రి గది వెచ్చగా నుండెను గాని నాకు నిద్ర పట్టలేదు. ఒక విధవరాలు నా కన్నుల యెదుట నిలిచెను.

ఆమె మా సంఘమునకు చెందిన చివరి పేటలో నుండెడిది. వర్షాకాలమున ఆ దారి మోకాలిలోతు బురద. ఆమె మంచము పట్టినట్లు నాకు తెలియును. "వచ్చే వారము పోయెదను" అనుకొంటిని. ఆ వారములన్నిటిలోను మందిరము చుట్టునున్న ఇండ్లకు మాత్రము తప్పక పోవుచుంటిని. అక్కడ కుర్చీ వేసి కాఫీ ఇచ్చెదరు. నాలుగు మాసములు అట్లు జరిగెను. నేనా గుడిసెలో అడుగిడినది ఆమెను సమాధి చేయు దినముననే. కోడలు నన్ను నిందింపలేదు. "మీరొస్తారేమోనని మా అత్త రోజూ సాయంత్రం మంచం అరుగు మీద వేయించుకునేదండి, అయ్యగారూ," అని మాత్రము చెప్పెను.

ఆ సంవత్సరమంతయు నేను చేసిన ప్రార్థన ఏమి? "ప్రభువా, మా సంఘములో అగ్ని రగిలించుము" అనియే. ఉజ్జీవ కూటములు పెట్టితిమి, మైకులు కట్టితిమి. బాయిలరు మంట పెంచుచుంటిమి. కొరత మంటలో లేదు. నా పాదములు సులువైన దారినే పోవుచుండెను.

యెరూషలేము సంఘములో గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రు అనుదిన పరిచర్యలో విడువబడిరి. అపొస్తలులు మరింత రొట్టె కొరకు విజ్ఞాపన చేసినట్లు అక్కడ వ్రాయబడలేదు. పంచిపెట్టు పనికి ఏడుగురిని ఏర్పరచిరి. ఆ యేడు పేర్లును గ్రీకు పేర్లే! ఎవరి వాకిటికి అందలేదో ఆ భాష వారి చేతికే మరను అప్పగించిరి. దేవుని వాక్యము ప్రబలెనని ఆ వెంటనే చదువుచున్నాము.

ఇంటికి వచ్చిన పిమ్మట నేను ఒక పుస్తకములో ఇండ్లన్నియు దూరపువాటితో మొదలుపెట్టి వ్రాసికొంటిని. వారములో మొదటి రెండు దినములు చివరి పేటకు ఇచ్చితిని. అక్కడి ఇద్దరు స్త్రీలకు రోగులను కనిపెట్టు బాధ్యత అప్పగించితిమి. దగ్గరివారిలో ఒక పెద్ద, "అయ్యగారు మమ్మల్ని మరచిపోయారు" అని నొచ్చుకొనెను. ఆయనకు ఈ రేడియేటరు కథయే చెప్పితిని. హాలులోని మరను బిగించెనే గాని పూర్తిగా మూయలేదు. హాలు చల్లబడను లేదు. ఇప్పుడు ఆయన అప్పుడప్పుడు నాతోకూడ బురదలో నడచుచున్నాడు.

అయితే ఆ అరుగు మీది మంచము నాకు మరల దొరకదు. దానిని మరచిపోనీయకుమని ప్రభువును వేడుకొనుచున్నాను.

ప్రియ చదువరీ, నీ యింటిలో, నీ సంఘములో శివారు గది ఏది? నేడు అక్కడికి పోయి చేయి వేసి చూడుము.

ప్రభువా, నీ కృప మాకు కొరత కాలేదు. మా యొద్దనే నిలిచిపోయినదానిని క్షమించి, దూరముననున్నవారికి దారి విడుచుటకు మాకు నేర్పుము. ఆమేన్.