రెండు రెక్కలూ, ఒక తోక చక్రమూ

మిస్సిసాగాలో మనవాళ్ళు ఏమి కొంటారో, ఏ వయసులో కొంటారో ఈ పత్రిక చదివేవారికి వేరే చెప్పనక్కరలేదు. మొదట కారు, తర్వాత ఇల్లు, పిల్లలు ఎదిగాక ఇంకాస్త పెద్ద ఇల్లు, అదీ తీరాక విజయవాడలోనో హైదరాబాదులోనో ఒక ఫ్లాటు. మేము ఇవన్నీ వరుస తప్పకుండా చేసి, చివర్న వరుసలో లేని పనొకటి చేశాము. రెండేళ్ళ క్రితం పాతకాలపు పద్ధతిలో కట్టిన చిన్న విమానమొకటి కొన్నాము. ఒకదాని మీద ఒకటిగా రెండు రెక్కలు, కప్పు లేని రెండు సీట్లు, ముందు రెండు పెద్ద చక్రాలు, తోక కింద పిడికెడంత చక్రం ఒకటి. ఉగాదినాడు హాల్లో ఈ మాట పొక్కగానే మా చుట్టూ చేరినవారిలో సగంమంది "ఎంతయింది?" అన్నారు, తక్కినవారు "ఎందుకండీ?" అన్నారు. మొదటిదానికి జవాబు తేలిక. మీలో చాలామంది కొన్న కొత్త వ్యాను ధరకంటే కొంచెం ఎక్కువ. రెండోదానికి హాల్లో పులిహోర పళ్ళెం చేత్తో పట్టుకుని నిలబడి జవాబు చెప్పటం సాధ్యం కాలేదు.

మేమంటే మేమిద్దరం, భార్యాభర్తలం. ఒకరిది ఆసుపత్రి లాబరేటరీ ఉద్యోగం, మరొకరిది కరెంటు పని. ఇద్దరికీ యాభై దాటాయి. పదిహేనేళ్ళ క్రితమే, అమ్మాయి హైస్కూల్లో వుండగా, ఇద్దరమూ ప్రైవేటు పైలట్ లైసెన్సు తీసుకున్నాము. దానికి కెనడాలో కనీసం 45 గంటలు ఎగరాలి. మాకు అంతకంటే చాలానే పట్టింది. నలభై దాటినవారు రెండేళ్ళకోసారి డాక్టరు పరీక్షకు నిలబడాలి. అదీ నిలబడుతూ వచ్చాము. కాని అదంతా ముక్కు కింద చక్రమున్న మామూలు విమానాల మీద. ఆ విద్యకూ ఈ విద్యకూ దూరం, మాకు అప్పుడు తోచినదానికంటే ఎక్కువే.

మన వూరికి ఈ విద్య కొత్తది కాదని ముందు చెప్పాలి. డిక్సీ రోడ్డు దక్షిణంగా పోయి లేక్ షోరు రోడ్డును కలిసే ఆ మూల, లేక్ వ్యూలో, 1915లో కర్టిస్ కంపెనీవారు విమానం నేర్పే బడి పెట్టారు. లాంగ్ బ్రాంచి ఏరోడ్రోమ్ అనేవారు. కెనడాలో అదే మొదటి ఏరోడ్రోమ్. మొదటి ప్రపంచ యుద్ధానికి పోదలచిన కుర్రవాళ్ళు 400 డాలర్లు కట్టి 400 నిమిషాలు నేర్చుకునేవారు, నిమిషానికి డాలరన్నమాట. అవన్నీ రెండు రెక్కల జతల కర్టిస్ విమానాలు, గుడ్డా కర్రా తీగా. తర్వాత అక్కడ తుపాకుల ఫాక్టరీ వచ్చింది. ఇప్పుడు దాని మిగులు భవనంలో నాట్యాలూ చిత్రకళా ప్రదర్శనలూ జరుగుతున్నాయి. మన పిల్లల్లో కొందరు అక్కడికి పోయే వుంటారు. ఆ గోడల అవతల ఏమి ఎగిరిందో వారికెవరూ చెప్పి వుండరు. ఇక మాల్టన్ సంగతి. రెండో యుద్ధకాలంలో అక్కడ లాంకాస్టర్ బాంబర్లు కట్టారు, తర్వాత ఏవ్రో ఏరో కట్టారు, 1959 ఫిబ్రవరిలో దాన్ని రద్దుచేసి వేలమందిని ఒక్కరోజులో ఇంటికి పంపారు. ఆ మాల్టన్ విమానాశ్రయమే ఇవాళ మనం అమ్మానాన్నలను దింపుకోవటానికి పోయే పియర్సన్.

అటు మనవైపూ ఇంతే. రెండో యుద్ధకాలంలో బేగంపేటలో మొదటి మెట్టు శిక్షణ ఇచ్చే స్కూలుండేది. టైగర్ మాత్ అనే రెండు రెక్కల జతల విమానం మీద నేర్పేవారు. అదే టైగర్ మాత్ ను ఇక్కడ టొరాంటో డౌన్స్ వ్యూలో ఈ చలికి తగ్గట్టు పైన కప్పూ, తోక చక్రమూ, బ్రేకులూ పెట్టి కట్టారు. అంతకుముందు 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా తెచ్చినప్పుడు, అక్కడినుంచి నెవిల్ వింట్సెంట్ అందుకుని బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చాడు. అదీ తోక ఆనించి దిగే విమానమే. మాలో ఆవిడ సికిందరాబాదులో పెరిగింది. బేగంపేట ఫ్లయింగ్ క్లబ్బు పుష్పక్ విమానాలు డాబా మీదుగా గింగురుమంటూ పోతుంటే ఆరేసిన వడియాల దగ్గర కాపలా కూర్చుని చూసేది. పుష్పక్ కు ఒకే జత రెక్కలు, కాని తోక చక్రమే. ప్రయాణీకుల విమానాలు 2008లో శంషాబాదుకు తరలిపోయాయి గాని, ఆవిడకు ఇప్పటికీ ఏర్ పోర్టంటే బేగంపేటే.

మా విమానం పేరు హ్యాట్జ్. విస్కాన్సిన్ లో జాన్ హ్యాట్జ్ అనే ఆయన 1968లో ఎగరేసిన నమూనా ఇది. ప్లాన్లు తెప్పించుకుని ఇంట్లో కట్టుకునే విమానం. ఇనప గొట్టాల ఒళ్ళు, కర్ర దూలాల రెక్కలు, పైన బిగించిన గుడ్డ. మాది ఒక రిటైరైన మిషనిస్టుగారు తన గరాజులో తొమ్మిదేళ్ళు కట్టారు. ఇలా ఇంట్లో కట్టిన విమానానికి మరమ్మతు చేసి సంతకం పెట్టే హక్కు కెనడాలో యజమానికి వుంది. యజమాని కావటంలో అసలు రుచి అక్కడే. అద్దె విమానమైతే గంటకింత అని కట్టి తాళాలు తిరిగిచ్చి వస్తాం. సొంతదైతే గుడ్డ మీద ప్రతి పగులూ, ప్రతి తీగ బిగువూ, ఆయిలు రంగూ మనవే. ఆ శీతాకాలమంతా మాలో ఆయనకు మాటల్లేవు, స్పానర్లే.

ఇప్పుడు తోక చక్రం గొడవ. మన ఎద్దుబండిని తలచుకోండి. ఎగుడు మీద ఎద్దులు బండిని లాగుతాయి. పల్లంలో బరువు వెనకనుంచి ఎద్దులను తోస్తుంది. బండి కాస్త అడ్డం తిరిగిందో, వెనక బరువు ముందుకు రావాలని చూస్తుంది. తోక చక్రపు విమానంలో బరువు పెద్ద చక్రాలకు వెనకే వుంటుంది. దిగి పరుగెత్తేటప్పుడు తోక ఒక పక్కకు జరిగితే, ఆ బరువు దాన్ని ఇంకా జరుపుతుంది. ఆపకపోతే విమానం బొంగరంలా తిరిగి ఒక రెక్క నేలకు రాస్తుంది. ఆపవలసింది చేతులు కాదు, కాళ్ళు. రడ్డరు పెడళ్ళ మీద రెండు పాదాలూ చిన్నచిన్నగా, ఆగకుండా, ఆలోచన లేకుండా ఆడుతూ వుండాలి. ముక్కు చక్రపు విమానాల మీద పదిహేనేళ్ళు మా పాదాలు పడుకునే వున్నాయి.

కెనడాలో దీనికి వేరే లైసెన్సు ముద్ర అక్కరలేదు. అమెరికాలో కావాలి. ఇక్కడ చట్టం అడగని దాన్ని ఇన్స్యూరెన్సువారు అడిగారు: ఒక్కొక్కరం మాస్టరుతో పదేసి గంటలు. మాకు దొరికిన మాస్టరుగారికి డెబ్బై దాటాయి, మాట పొదుపు. మొదటి మూడు రోజులు నేల వదలనివ్వలేదు. నేల మీద ముక్కు ఆకాశం చూస్తుంటుంది, ఎదురుగా ఏమీ కనపడదు. పైగా మేము వెనక సీటు, ముందు సీట్లో ఆయన భుజాలు. అందుకని పాములా అటొకసారి ఇటొకసారి తిరుగుతూ, పక్కనుంచి దారి చూసుకుంటూ పోవాలి. ఆ మూడు రోజులూ గడ్డిలో పాములాటే. ఆవిడకు తొందరగా పట్టుబడింది. చిన్నప్పుడు కూచిపూడిలో ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి కదలటం నేర్చిన పాదాలు కదా, చేతులకు వేరే పని వున్నా వాటి లెక్క అవి చూసుకుంటాయి. ఆయనకు అలాటి గతం లేదు. నెల పట్టింది.

లేవటం దిగటమంత కష్టం కాదు గాని దానికీ ఒక తమాషా వుంది. తిరిగే పంకా పెద్ద బొంగరం. తోక లేవగానే బొంగరం ఇరుసు వంగినట్టు, ముక్కు ఎడమకు లాగుతుంది. కుడి పాదం సిద్ధంగా వుండాలి. టైగర్ మాత్ ఇంజను ఎదురు దిక్కుకు తిరుగుతుంది కనుక దానికి ఎడమ పాదం. మొదట దానిమీద నేర్చి తర్వాత అమెరికా ఇంజనుకు మారినవారి తిప్పలు ఊహించుకోవచ్చు.

దిగేటప్పుడు మూడు చక్రాలూ ఒక్కసారి ఆనేలా దింపటం వొక పద్ధతి. నేలకు అరగజం ఎత్తున కర్రను వెనక్కు లాగుతూ, "దిగవద్దు, దిగవద్దు" అని బతిమాలుతున్నట్టు పట్టుకుంటే, అది అలిసి తనంత తాను కూర్చుంటుంది. అప్పటికి ముక్కు లేచి రన్ వే మాయమవుతుంది. రెండు పక్కల గడ్డి అంచులు కనపడతాయి, అంతే. ఆ అంచులు రెండూ సమానంగా వున్నాయా అన్నదే లోకం. పక్కగాలి వీస్తే గాలివైపు రెక్క వంచి ఒక్క చక్రం మీద దిగాలి. ఒకరోజు మాస్టరుగారు కావాలనే పాదాలు తీసేయమన్నారు. తోక జరగటం మొదలైంది. ఒకటి, రెండు అనుకునేలోగా గడ్డి మొత్తం పక్కకు ప్రవహించింది. అప్పుడాయన ఒక్క తన్నుతో సరిచేసి, "ఇంత టైమే వుంటుంది," అన్నారు. ఇంజను ఆపి తాడు కట్టేదాకా ఎగురుతున్నట్టే లెక్క అని ఆయన శాసనం.

అమ్మాయి కాల్గరీలో వుంది. ఫోటోలు పంపితే మురిసింది, పట్టు కండువాలు కొనిపెడతానంది. మేమిద్దరం ఒంటరిగా ఎగిరిన వారం ఫోన్ చేసింది.

"అమ్మా, మీరిద్దరూ కలిసి ఎక్కుతారా దాంట్లో?"

"రెండు సీట్లున్నాయి కదే," అన్నది ఆవిడ.

"అదే అడుగుతున్నాను. ఇద్దరూ ఒకేసారి ఎక్కద్దు. నాకు ఇంకెవరున్నారు?"

మేము లెక్కలు చెప్పబోయాము. తోక తిరిగితే పోయేది రెక్క అంచూ డబ్బూనే గాని ప్రాణం అరుదు అన్నాము. నిజమే. కాని తక్కువ ఎత్తులో, తక్కువ వేగంలో తిరిగినప్పుడు రెక్క పట్టు తప్పితే ప్రాణం పోతుందన్నదీ నిజమే. ఇంజను ఆగితే ఈ జంట రెక్కల తీగల గాలి దెబ్బకు ఇది దూరం జారదు, నిటారుగా దిగుతుందన్నదీ నిజమే. ఇంజనీరు కూతురు. రెండో సగం తనే చదువుకుంది. కోపం లేకుండా, ఏడవకుండా, అదే మాట మళ్ళీ అన్నది. మనం ఆ వయసులో సముద్రాలు దాటి వచ్చినప్పుడు మన అమ్మలు అన్న మాటే, తలకిందులుగా. తెనాలిలో వున్న అత్తయ్యగారు మాత్రం "దేవుడి దయ" అని ఊరుకున్నారు. మాకైతే ఆ ఊరుకోవటమే ఎక్కువ గుచ్చుకుంది.

విల్లు తిరగరాయించాము. ఏ కాగితం ఏ డ్రాయరులో వుందో రాసి పంపాము. కాని కాగితాలు అది అడగలేదు. అందుకని, ఇంతవరకు మేమిద్దరం కలిసి మా విమానం ఎక్కలేదు. ఇది న్యాయమా కాదా అని మాలో మాకు ఇంకా తేలలేదు. అదే అమ్మాయి ఇద్దరం ఒకే కారులో 401 మీద మంచులో పోతే అడగదేమని ఆయన వాదం. కారు అవసరం, ఇది సరదా, సరదాకు అడిగే హక్కు దానికుంది అని ఆవిడ తీర్పు. ప్రస్తుతానికి తీర్పు అమల్లో వుంది.

ఒకరు ఎగురుతుంటే ఒకరు గడ్డి మీద మడత కుర్చీ వేసుకుని, ఫ్లాస్కులో కాఫీతో, గాలి గొట్టం చూస్తూ కూర్చుంటాము. పైకి పోయిన మనిషి దిగేదాకా ఫ్లాస్కు మూత తీయబుద్ధి కాదు. చూడాలనిపించినవారు ఎండ రోజున రావచ్చు. దగ్గరలోనే కేలెడన్ లో బ్రాంప్టన్ ఫ్లయింగ్ క్లబ్బువారి ఏర్ పోర్టులో గ్రేట్ వార్ ఫ్లయింగ్ మ్యూజియం వుంది. 1914-18 యుద్ధపు విమానాల నకళ్ళు, మూడు రెక్కల ఎర్ర ఫోకరుతో సహా, పిల్లలకు చూపించవచ్చు.

అక్టోబరు చివరికి ఆవిడకు ఒంటరిగా 41 గంటలు, ఆయనకు 33. కప్పు లేని సీట్లో రెండు స్వెటర్లూ తోలుకోటూ చాలని రోజులు వచ్చేశాయి. హేంగరు తలుపు వేశాము. ఈ చలికాలం పైరెక్క గుడ్డ కుట్లు విప్పి చూడాలి, టెయిల్ చక్రపు స్ప్రింగు ఒకటి మార్చాలి. సంక్రాంతికి అమ్మాయి వస్తానన్నది. ముందు సీట్లో తను కూర్చుంటుందట, ఎవరు ఎగరేస్తారో ఇంకా చెప్పలేదు. వేసవి వచ్చేదాకా ఆగమన్నాము.