ఎవరడుగుతారమ్మా?

ఫిలింనగర్‌లో 'క్యాష్' అంటే ఎవరికైనా నిర్మాత డబ్బే గుర్తొస్తుంది. నాకు సర్వర్ గుర్తొచ్చేది. 2009లో జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర బస్సు దిగి, ఫిలింనగర్‌లోని ఓ చిన్న ఆఫీసులో తెలుగు సినిమాల డేటాబేస్ చూసుకునేదాన్ని. మైఎస్‌క్యూఎల్ 5.1 అది.

ఒకసారి అడిగిన ప్రశ్నకు జవాబును మెమరీలో దాచుకుని, అదే ప్రశ్న మళ్లీ వస్తే వెతక్కుండా ఇచ్చెయ్యడం క్వెరీ క్యాష్ పని. ప్రశ్న అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. టేబుల్లో ఒక్క వరుస మారినా, ఆ టేబుల్ నుంచి దాచుకున్న జవాబులన్నీ చెరిపేస్తుంది. పాత జవాబుతో మభ్యపెట్టదు.

పని నెమ్మదించిందని మా సార్ క్యాష్ సైజు 256 ఎంబీ చెయ్యమన్నారు. నేను 32 దగ్గరే ఆపాను. సైజు పెరిగేకొద్దీ చెరపడానికి పట్టే సమయమూ పెరుగుతుంది. అంతసేపూ క్యాష్‌కి తాళం పడి మిగతా ప్రశ్నలు బయట నిలబడాలి. లెక్కలు తీస్తే, అందరూ అడిగేవి కొత్త సినిమాలు, హీరోలు. శుక్రవారం వస్తే ఆ టేబుల్ మారుతూనే ఉంటుంది, దాచిందల్లా పోతుంది. ఎప్పుడోగాని మారని పాత సినిమాల టేబులే క్యాష్‌కి అనువైనది. దాన్నేమో అడిగేవాళ్లు లేరు.

అందులో దర్శకుల గడిలో, 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో తీసిన భానుమతి ఉన్నారు. 1968 నాటి 'చిన్నారి పాపలు' పక్కన సావిత్రి ఉన్నారు. 1973లో యద్దనపూడి సులోచనారాణి నవల 'మీనా'ని సినిమాగా తీసిన విజయనిర్మల ఉన్నారు. వీళ్లకో పేజీ పెడదామంటే "ఇవన్నీ ఎవరడుగుతారమ్మా?" అన్నారు సార్.

క్యాష్ సెట్టింగుల్లో ఇంకో పద్ధతి ఉంది. మనం గుర్తుపెట్టిన ప్రశ్నలకే జవాబులు దాస్తుంది. ఆ పద్ధతికి మార్చి, ఆ పేజీ రాసి, మొదటి పేజీ నుంచి దారి చూపించాను. నెల తిరిగేసరికి చూసినవాళ్ల లెక్క సార్ ముందు పెట్టాను. ఆయనేమీ అనలేదు. తీసెయ్యమనీ అనలేదు.

2018లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 8.0లో క్వెరీ క్యాష్‌నే తీసేశారు. క్యాష్ పోయినా టేబుల్ పోలేదు. సినిమా చరిత్రలో స్త్రీల గురించి రాసేటప్పుడు మనమూ ఎక్కువసార్లు హీరోయిన్ల గడిలోనే వెతుకుతాం. దర్శకులు, రచయితలు, ఎడిటర్లు ఉన్న గడుల్లో కూడా ఆడపేర్ల కోసం అడుగుదాం. అడిగినదానికే కదా జవాబు వచ్చేది.