చేతులకు పాత బండే గుర్తు

ఎర్రగుంట్ల నుంచి చిలమకూరు దారి పట్టామంటే ఎదురొచ్చేవి ఎక్కువగా లారీలే. సిమెంటు మూటలు, సున్నపురాయి, నాపబండలు. రోడ్డు అంచున బూడిదరంగు పొడి పేరుకుని ఉంటుంది. కాళ్ళు చాపుకుని క్రూయిజర్ నడిపేవాళ్ళకు ఇదేమంత సుఖమైన దారి కాదు. గండికోట పోవాలని ఆ బండ్లు కొనే మా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు కుర్రాళ్ళు ఎక్కువ రోజులు తిరిగేది మాత్రం ఇలాంటి దారుల్లోనే.

బండి మార్చినవాళ్ళకు చేయి కుదిర్చే మెకానిక్ చిలమకూరులో ఉన్నాడంటే వచ్చాను. నేను అవెంజర్ 220 అమ్మి మీటియర్ 350 తీసుకున్నాను. రేకుల షెడ్డు, నూనె మరకల నేల, పక్కనే ఖాళీ జాగా. ఆయన బండిని పెద్దగా చూడలేదు, నా కాళ్ళనే చూశాడు.

"పాత బండి అవెంజరా?"

"ఎట్ల కనుక్కున్నావన్నా?"

"కాలు ఎత్తుతానే ముందుకు చాపినావు. దీనికి ఫుట్‌రెస్ట్ ఆడ లేదు కదబ్బా."

2000ల మొదట్లో ఎలిమినేటర్, థండర్‌బర్డ్ మనకు ఈ రకం బండ్లను అలవాటు చేశాయి. 2005లో అవెంజర్, 2020లో మీటియర్ వచ్చాయి. చూపుకు అన్నీ ఒక కుటుంబమే, నడకలో మాత్రం దేని దారి దానిదే. అవెంజర్ బరువు 163 కిలోలు, మీటియర్ 191. బరువు పెరిగింది కాబట్టి నిదానంగా తిరుగుతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ మీటియర్ చక్రాల మధ్య దూరం 1400 మిల్లీమీటర్లు, అవెంజర్‌ది 1490. పొట్టి బండి కావడంతో మలుపులో ముందే ఒరుగుతుంది. పాత అలవాటుతో హ్యాండిల్‌ను గట్టిగా తోస్తే అనుకున్నదానికన్నా లోపలికి పోతుంది.

ఆ జాగాలో రెండు నాపరాతి ముక్కలు పెట్టి, వాటి చుట్టూ ఎనిమిది అంకె వేయమన్నాడు. ఫస్ట్ గేరు, సగం పట్టిన క్లచ్, వెనక బ్రేకు మీద పాదం ఆనీ ఆననట్టు. ముందు బ్రేకు ముట్టుకోకూడదు. "రాయి దిక్కు చూడాకు, తిరగాల్సిన దిక్కు చూడు" అన్నది ఆయన ఒకటే మాట. నిజంగానే చూపు రాయి మీద నిలిస్తే బండి రాయి వైపే పోయింది. చూపు మార్చాక అదే మలుపు హాయిగా తిరిగింది. ఆపినప్పుడు తెలిసే 28 కిలోల తేడా నడుస్తుంటే అసలు గుర్తే రాలేదు.

తరువాత బ్రేకులు. అవెంజర్‌కు ముందు చక్రానికే ఏబీఎస్, వెనక డ్రమ్ము. దుమ్ములో గట్టిగా తొక్కితే వెనక చక్రం జారేది, ఆ భయంతో నా పాదం ఎప్పుడూ మెత్తగానే ఆనేది. మీటియర్‌కు రెండు డిస్కులు, రెండు చక్రాలకూ ఏబీఎస్. పొడి పేరుకున్న చోట కావాలనే గట్టిగా తొక్కించాడు. పాదం కింద టకటకమని కొట్టుకుంది, బండి మాత్రం వంకర పోకుండా ఆగింది. ఆ టకటక ముందే ఎరగనివాళ్ళు బెదిరి బ్రేకు వదిలేస్తారట. ఈ ఒక్కటి నేర్పించినందుకే ఆయనకు దండం పెట్టాలి.

ఇంజను సంగతి రోడ్డు మీదే తెలిసింది. మీటియర్ 4000 ఆర్‌పీఎమ్ దగ్గరే 27 న్యూటన్ మీటర్ల లాగుడు ఇస్తుంది. అవెంజర్ లాగుడు అందులో మూడింట రెండు వంతులే, అదీ 7000 దగ్గర. లారీ వెనక ప్రతిసారీ గేరు తగ్గించే అవసరం పోయింది. అట్లని బండి వేగమైందనుకోకూడదు. గుర్రపు శక్తి రెండింటికీ ఇంచుమించు ఇరవయ్యే, బరువేమో ఎక్కువ. ఎనభై దాటాక లారీని దాటడానికి పాత బండికి కావలసినంత ఖాళీ రోడ్డు దీనికీ కావాలి.

 

కొత్త బండి కొన్న తమ్ముళ్ళకు ఒక మాట. మొదటి ఆదివారమే వెనక ఎవరినో ఎక్కించుకుని గండికోటకు బయల్దేరకండి. ఊరి బయట ఖాళీ జాగాలో రెండు రాళ్ళు పెట్టుకుని గంటసేపు తిరగండి, బ్రేకులు గట్టిగా తొక్కి చూడండి. హెల్మెట్ అప్పుడూ తీయొద్దు.