చప్పట్లు లేని రాత్రి

మొన్న మా వాడు ఫోన్‌లో ఏదో పాత వీడియో చూస్తున్నాడు. నేను వంటింట్లో పప్పుకు పోపు పెడుతున్నాను. దెబ్బ పడ్డ చప్పుడు, ఎవరో గట్టిగా అరిచిన మాట, దాని వెనక అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని బట్టే అది ఏ రాత్రిదో గుర్తుపట్టాను.

"ఆ సద్దుల నాటి కొట్లాటేనా?" అన్నాను.

"నీకింకా యాదికుందా అమ్మా!" అని నవ్వాడు.

ఎట్లా మర్చిపోతాను? మా ఇంట్లో ఒక మనిషి రెండు నెలలు దాచుకున్న ఏడుపు బయటపడ్డ రాత్రి అది.

మేముండేది పటాన్‌చెరు పక్కన. మా ఆయన మందుల కంపెనీలో ఆపరేటర్. 2020 మార్చిలో దేశమంతా తలుపులు వేసుకుంటే, మా వైపు మందుల కంపెనీలు మాత్రం నడిచాయి. మందులు ఆగకూడదు కదా. ముంబయి హైవే మీద లారీల రొద తగ్గి, మా బాల్కనీలోకి పిట్టల కూతలు వినిపించిన రోజులవి. ఆ ఖాళీ రోడ్డు మీద కంపెనీ బస్సు మాత్రం టైముకు వచ్చి ఆగేది.

మే 1న తెల్లవారుజామున లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు ఒక రైలు వెళ్ళింది. లాక్‌డౌన్‌లో వలస కూలీల కోసం దేశంలో కదిలిన మొదటి రైలు అదే. అందులో ఎక్కిన దాదాపు 1,200 మందిలో ఎక్కువమంది మా సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటీ భవనాల పని చేస్తున్నవాళ్ళు. టీవీలో అది చూసి మా అత్తమ్మ, "ఇయ్యాల వాళ్ళ తల్లులు కడుపునిండ తింటరు" అంది. అప్పటికే ఆవిడ కొడుకు షిఫ్టుకు పోయాడు.

ఆగస్టులో మామయ్య పోయారు. కరోనా. నలుగురు మోయాల్సిన మనిషిని బండి మోసుకుపోయింది. మా ఆయన, ఆయన చిన్నాయన కొడుకు, ఇద్దరే వెళ్ళారు. వాళ్ళు కూడా దూరంగా నిలబడ్డారు. అత్తమ్మకు ఆఖరి చూపు కూడా దక్కలేదు. పదకొండో రోజు ఇంటివాళ్ళం తప్ప ఎవరూ లేరు. అంత పెద్ద బలగమున్న మనిషి, ఊళ్ళో ఎవరింట్లో చావైనా ముందు నిలబడే మనిషి.

మా ఆయన ఏడవలేదు. ఇంట్లో ఉండాల్సిన రోజులు అయిపోగానే డ్యూటీకి వెళ్ళారు. అత్తమ్మ రోజూ ఒకటే మాట, "నాయన పోయిండు. ఇగ నువ్వా కంపెనీకి పోకు బిడ్డా." ఆయన జవాబు చెప్పేవారు కాదు. డబ్బా తీసుకుని, చెప్పులేసుకుని, మాట్లాడకుండా మెట్లు దిగేవారు. నేను కూడా ఏమీ అనేదాన్ని కాదు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది కానీ నిజమే చెప్తాను. మా వాడి ఇంటర్ ఫీజు, ఫ్లాటు కిస్తీ, బ్యాంకులో పెట్టిన బంగారం, ఇవన్నీ నా లెక్కలో ఉన్నాయి. ఆయనను పొమ్మనలేదు, వద్దనీ అనలేదు. నా మౌనం జీతం వైపే ఉంది. అత్తమ్మకు ఆ సంగతి తెలుసు.

ఇక ఆ రాత్రి. 2020 అక్టోబర్ 24, శనివారం, సద్దుల బతుకమ్మ. మాకు ఏటిమైల కాబట్టి పూలు పేర్చలేదు. వేరే ఏడాదైతే తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు హాలంతా పరిచి, వేళ్ళకు రంగులంటుకుని కూర్చునేదాన్ని. ఆ రోజు బాల్కనీలో నిలబడి చూశాను. కింద ఎవరి గేటు ముందు వాళ్ళు, నలుగురైదుగురు, మూతికి మాస్కులు. బతుకమ్మ పాటంటే ఒకరు ఎత్తుకోవాలి, పదిమంది అందుకోవాలి. అందుకునేవాళ్ళు లేక పాట పొడిపొడిగా వినిపించింది. తొందరగానే ఎవరిళ్ళలోకి వాళ్ళు వెళ్ళిపోయారు.

లోపల టీవీలో క్రికెట్. దుబాయిలో మన సన్‌రైజర్స్ ఆడుతోంది. పంజాబ్ 126 కొడితే, మనవాళ్ళు 114కే ఆలౌటయ్యారు. గెలిచే మ్యాచ్ పోగొట్టుకున్నారని మా వాడు దిండు విసిరేశాడు. అత్తమ్మకు మాత్రం వేరే అనుమానం.

"స్టేడియంల మనుషులే లేరు గదా, ఈ లొల్లి ఏడికెల్లి వస్తుంది రా?"

"రికార్డు చేసిన లొల్లి నానమ్మా. జనం ఉన్నట్టు అనిపించాలని పెడుతున్నరు."

"ఉత్తుత్తి చప్పట్లా!" అని ఆవిడ మూతి తిప్పుకుంది.

పదకొండున్నరకు మా వాడు ఛానల్ మార్చాడు. ఖబీబ్ ఫైట్ ఉందట, నెల రోజుల నుంచి ఎదురుచూస్తున్నాడట. ఎనిమిది మూలల కంచె, అందులో ఇద్దరు మనుషులు. బాక్సింగ్, కుస్తీ, జూడో, కాలితో తన్నడం, అన్నీ కలిపిన ఆట. దాన్ని మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అంటారు. నాకు అవి చూస్తే కడుపులో తిప్పుతుంది. మామూలుగా అయితే లేచి వెళ్ళి పడుకునేదాన్ని. కానీ మామయ్య పోయినప్పటి నుంచి అత్తమ్మకు నిద్ర లేదు. మరునాడు దసరా సెలవని మా ఆయన కూడా మేలుకునే ఉన్నారు. నలుగురం ఒకచోట కూర్చోవడమే అరుదైపోయింది. అందుకని నేను చిక్కుడుకాయలు ముందేసుకుని, ఈనెలు తీస్తూ కూర్చున్నాను.

అబుదాబిలో యాస్ ఐలాండ్ అనే దీవి మీద ఆట. కరోనా వల్ల ఆటగాళ్ళను విమానాల్లో తెచ్చి, పరీక్షలు చేసి, హోటళ్ళలో విడిగా ఉంచి అక్కడ ఆడించారు. ఆ ఏడాది మార్చి 14న బ్రెజిల్‌లో మొదటిసారి జనం లేకుండా పెట్టారట. తర్వాత మే 9న అమెరికాలోని జాక్సన్‌విల్‌లో పెట్టినప్పుడు, ఒక ఆటగాడికి పాజిటివ్ అని తేలి ముందురోజు తప్పించారట. అదే రోజు గ్రెగ్ హార్డీ అనే ఇంకొకతను, పక్కన కామెంటరీ చెప్తున్నవాళ్ళ మాటలు విని తన ఆట మార్చుకుని గెలిచాడట. హాలు అంత నిశ్శబ్దంగా ఉందన్నమాట. ఇవన్నీ మా వాడు చెప్పినవే.

ఈ ఆటకు ఉత్తుత్తి చప్పట్లు పెట్టలేదు. అందుకే నాకు భయమేసింది. కాలు తగిలిన చప్పుడు తడిబట్ట బండకేసి కొట్టినట్టు వినిపిస్తోంది. ఊపిరి వినిపిస్తోంది. మూల నుంచి గురువులు చెప్పే మాటలు వినిపిస్తున్నాయి. జనం గోలలో దెబ్బ ఒక ఆటలాగా ఉంటుంది. గోల లేకపోతే అది దెబ్బే.

ఖబీబ్ నుర్మగొమెదోవ్‌ది రష్యాలోని దాగెస్తాన్. 28 ఆటలాడి ఒక్కటీ ఓడలేదు. కుస్తీ నేర్పింది తండ్రి అబ్దుల్‌మనాప్. ఏడాది కిందట, 2019 సెప్టెంబర్‌లో, ఇదే అబుదాబిలో నిండు జనంలో గెలిచినప్పుడు తండ్రి పక్కనే ఉన్నాడు. 2020 జులై 3న ఆయన పోయాడు. వయసు 57. కరోనా వచ్చి, గుండె మీదికి తెచ్చింది. తండ్రి పోయాక కొడుకు ఆడుతున్న మొదటి ఆట ఇది.

మా వాడు ఈ ముక్క చెప్పగానే హాల్లో ఎవరూ మాట్లాడలేదు. మా ఆయన రిమోట్ తీసుకుని కొంచెం సౌండ్ పెంచారు.

ఎదుటివాడు జస్టిన్ గేత్జీ, అమెరికా. అతని తండ్రి రాగి గనిలో పనిచేసినవాడట. అది విని మా ఆయన, "మనోడే" అన్నారు.

అర్ధరాత్రి దాటి చాలాసేపయ్యాక ఇద్దరూ కంచెలోకి వచ్చారు. మొదటి రౌండ్ అయిపోయింది. రెండో రౌండ్‌లో ఖబీబ్ అతన్ని కింద పడేసి, మెడను కాళ్ళ మధ్య బిగించాడు. గేత్జీ చేత్తో తట్టాడు. ఈ ఆటలో అట్లా తడితే ఇక చాలు, ఓడిపోయానని అర్థం. రిఫరీకి అది వెంటనే కనపడలేదు. ఇంకాసేపట్లో గేత్జీకి స్పృహ తప్పింది.

"తట్టిండు గదా! సూస్తలేరా ఎవ్వరు?" అని అత్తమ్మ గట్టిగా అరిచింది.

అప్పుడు ఆపారు. రెండో రౌండ్ 1 నిమిషం 34 సెకన్లు. చేతిని మెలిపెట్టి విరిచే పట్టు కూడా దొరికేదట, కానీ అతని అమ్మానాన్నలు చూస్తుండగా గాయం చేయడం ఇష్టంలేక ఖబీబ్ అది పట్టలేదని, తర్వాత కామెంటేటర్ డేనియల్ కార్మియర్ చెప్పాడు.

గెలిచినవాడు ఎగిరి గంతేస్తాడని చూస్తున్నాం. ఖబీబ్ మాత్రం మధ్యలో మోకాళ్ళ మీద కూలబడి, ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. చప్పట్లు లేవు, ఈలలు లేవు. ఓడిపోయిన గేత్జీయే లేచి వచ్చి, పక్కన వంగి, అతన్ని పట్టుకుని ఏదో చెప్పాడు.

నా చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉంది. పక్కన ఏదో చప్పుడైతే చూశాను. మా ఆయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు ఊగుతున్నాయి. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనను అట్లా చూడటం అదే మొదటిసారి. మా వాడు టీవీ కట్టేయబోతే నేను చెయ్యి పట్టి ఆపాను. అత్తమ్మ లేచి వెళ్ళి కొడుకు తల పొట్టకు ఆనించుకుని నిలబడింది. "ఏడువ్ బిడ్డా. నువ్వు ఏడువనేలేదు గదరా" అంది.

టీవీలో ఖబీబ్ గ్లౌజులు విప్పి కింద పెట్టి మాట్లాడుతున్నాడు. మా వాడు మెల్లగా తెలుగులో చెప్పాడు. నాన్న లేకుండా నువ్వు ఆడొద్దని వాళ్ళమ్మ అందట. మూడు రోజులు మాట్లాడుకున్నారట. ఇదే ఆఖరిదని ఆమెకు మాటిచ్చాడట.

"తల్లి మాట విన్నడు" అంది అత్తమ్మ.

ఆ మాట ఎవరిని ఉద్దేశించి అన్నదో అందరికీ తెలుసు. మా ఆయన ముఖం తుడుచుకుని, చాలాసేపటికి అన్నారు.

"ఆయనకు ఆపేసినా గడుస్తదమ్మా. నాకు గడవదు. ఆపుతా అని నీకు అబద్ధం చెప్పలేక చెప్తలేను."

రెండు నెలల్లో ఆవిడకు దొరికిన మొదటి జవాబు అది. నేనూ అప్పుడే నోరు తెరిచాను. "నేను కూడా ఆపమని అనలేదత్తమ్మా. లెక్కలేసుకుంటూ కూర్చున్నా" అన్నాను. తిడుతుందనుకున్నా. ఆవిడ తిట్టలేదు. "నాకు తెల్వదా? ఇల్లు నడిపినదాన్నే గదా" అంది. కాసేపాగి కొడుకును చూసి, "పనికి పోతే పో. కానీ నాతోని మాట్లాడకుంట పోకు. మీ నాయన గట్లనే పోయిండు" అంది.

ఆ మాట మాత్రం ఆయన ఇచ్చారు. సోమవారం పొద్దున షిఫ్టుకు బయల్దేరుతూ అత్తమ్మ మంచం దగ్గరికి వెళ్ళి, "పోయొస్త అమ్మా" అన్నారు. కంపెనీ గేటు దగ్గరికి చేరాక ఫోన్. షిఫ్టు దిగాక ఫోన్. ఒక్కోసారి అర నిమిషం కూడా ఉండదు. "వచ్చిన", "మంచిది", అంతే.

ఖబీబ్ కూడా మాట తప్పలేదు. మళ్ళీ ఆడించాలని కంపెనీవాళ్ళు చాలా ప్రయత్నించారు. చివరికి 2021 మార్చిలో, ఇక అతను ఆడడని వాళ్ళే ప్రకటించారు. 29 ఆటలు, 29 గెలుపులు. ఆ వార్త చదివి వినిపిస్తే అత్తమ్మ, "ఆ తల్లి సల్లగుండ" అంది.

ఇప్పుడు మళ్ళీ స్టేడియాలు నిండాయి. సద్దుల నాడు మా కాలనీలో నిలబడటానికి చోటుండదు. మామయ్య ఏడాది మాసికానికి అటు ఊరివాళ్ళు, ఇటు చుట్టాలు వచ్చి, అందరూ కలిసి అప్పుడు ఏడ్చారు. అయినా నాకు ఆ ఖాళీ హాలే గుర్తొస్తుంది. ఎవరూ చూడనప్పుడు కదా మనిషి మోకాళ్ళ మీద కూర్చోగలిగింది.

నేను కూడా ఒకటి నేర్చుకున్నాను. ఇంట్లో ఎవరైనా మాట్లాడకుండా డబ్బా తీసుకుని మెట్లు దిగుతుంటే, వాళ్ళు ఎక్కడో చేత్తో తడుతున్నారేమోనని ఒకసారి చూస్తాను.

ఇది రాస్తుండగానే అత్తమ్మ ఫోన్ మోగింది. గేటు దగ్గరికి చేరినట్టున్నారు.