శివారుకు నీళ్ళు

"మీ వృత్తి గురించి నాలుగు ముక్కలు వ్రాయండి, కాని పాఠంలా ఉండకూడదు" అని విద్యార్థి సంఘం వారు షరతు పెట్టారు. లెక్చరర్లు క్షమించాలి గాని, ఆ షరతు నాకూ నచ్చింది. నేను ఉద్యోగం చేసింది జెట్ ఇంజన్లు విప్పి బాగుచేసే వర్క్‌షాపులో. కథ మాత్రం కోనసీమలో మా నాన్నగారి ఎకరంన్నర చేను దగ్గర మొదలుపెట్టాలి.

మాది కాలువ చివరి ఊరు. శివారు భూములంటే ఏమిటో గోదావరి జిల్లాల వాళ్ళకు చెప్పనక్కరలేదు. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాడు. ఇవాళ బ్యారేజీ కింద 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి. అయినా దాళ్వా రోజుల్లో, గుర్రపుడెక్క పట్టిన బోదెలో నీరు మా చేను దాకా వచ్చేసరికి ఉత్త చెమ్మగా మిగిలేది. లస్కరు పుస్తకంలో "నీరు వదలడమైనది" అని ఉండేది. అబద్ధం కాదు, వదిలారు. మా నాన్నగారు గట్టు మీద నిలబడి, "వదిలారు సరేరా, అందిందా అని చూసేవాడేడీ?" అనేవారు.

ఇక ఇంజను. ఇప్పటి జెట్ ఇంజన్లలో టర్బైన్ మీదికి దూకే వాయువు వేడి 1500 డిగ్రీలు దాటుతుంది. బ్లేడు చేసిన నికెల్ మిశ్రలోహమేమో 1300 చిల్లర డిగ్రీలకే కరుగుతుంది. మరి కరగదేం? కాలేజీలో ఉండగా అదేదో మహా గొప్ప లోహమనుకునేవాణ్ణి. తీరా లోపల చూస్తే ఉన్నవి కాలువలు! కంప్రెసర్ నుంచి కొంత గాలి మళ్ళించి బ్లేడు కడుపులోని సన్నని దారుల్లోకి పంపుతారు. (అదీ 500, 600 డిగ్రీల గాలే. దాన్ని మేం "చల్లగాలి" అంటాం!) అది సూదిబెజ్జాల్లోంచి బయటికొచ్చి బ్లేడు మీద పల్చగా పరుచుకుని మంటను ఎడంగా ఉంచుతుంది. లోహం తినేయకుండా పైన అల్యూమినియం పూత. తర్వాతి కాలంలో దాని మీద జిర్కోనియా పింగాణీ పూత కూడా వచ్చింది.

ఇంత చేసినా అరుగుదల ఆగదు. సముద్రపు ఉప్పుగాలి, ఇంధనంలోని గంధకం కలిసి పూతను కొరుకుతాయి. గిర్రున తిరిగే చక్రం లాగుడుకు, ఎర్రగా కాలిన బ్లేడు వెంట్రుకవాసి చొప్పున సాగుతుంది. లోహం 15 డిగ్రీలు ఎక్కువ కాగితే ఆయుష్షు సగం అని మా షాపులో మోటు లెక్క. సాగడం లోహపు రేణువుల సరిహద్దుల దగ్గర మొదలవుతుంది గనుక, అసలు సరిహద్దులే లేకుండా బ్లేడంతా ఒకే స్ఫటికంగా పోతపోస్తారు. హైదరాబాదు డి.ఎం.ఆర్.ఎల్. వారు అలాంటివి 60 బ్లేడ్లు 2021లో హెచ్.ఎ.ఎల్.కు హెలికాప్టర్ ఇంజను కోసం ఇచ్చారని చదివి, ఆ పూట ఇంట్లో పాయసం చేయించాను. ఎందుకో మా ఆవిడకు అర్థం కాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. అది 1988. కొత్తగా పూత పూసిన బ్లేడ్లను నీటితో పరీక్షించడం నా పని. మొదట్లోంచి నీరు పెడితే బెజ్జాల్లోంచి సన్నని ధారలు రావాలి, మొత్తం ప్రవాహం హద్దుల్లో ఉండాలి. ఒక బ్లేడుకు మొత్తం సరిపోయింది. కాని వెనక అంచున, కొస దగ్గర, ఒక ధార లేదు. చూశాను. ఇంజను మర్నాడు టెస్టు బెడ్ ఎక్కాలి, అందరూ తొందరలో ఉన్నారు. అంకె హద్దులోనే ఉంది కదా అని "సరి" అని వ్రాసి సంతకం పెట్టాను.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. కళ్ళు మూస్తే బోదె కొస కనిపించింది. నేను వ్రాసిందీ అబద్ధం కాదు. నీరు వదలడమైనది.

తెల్లవారుజామున ఫోర్‌మన్ గారి ఇంటి తలుపు కొట్టాను. ఆయన ముందు తిట్టారు, తర్వాత చొక్కా వేసుకున్నారు. బిగించిన ఇంజను మళ్ళీ విప్పారు. బ్లేడు కోసి చూస్తే, వేడి నుంచి కాపాడటానికి పూసిన పూతే బెజ్జంలోకి దిగి దాన్ని మూసేసింది! మిగిలిన బ్లేడ్లన్నీ బెజ్జం బెజ్జానికీ సన్నతీగ దూర్చి చూశాం. ఇంకో రెండు దొరికాయి. నాకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది. ఆపినందుకు నాకు కోపం లేదు. ఆ ధార లేకపోవడం నేను చూశాను మరి.

ఈ సంగతంతా నాన్నగారికి ఉత్తరం వ్రాశాను. పదిరోజులకు కార్డు వచ్చింది. ఇంక్రిమెంటు అంటే నెలకు ఎంత తగ్గుతుందని అడిగారు. ఈసారి వంతులో నీళ్ళు మా పై చేను దాకా వచ్చాయట, మనకింకా రాలేదు, రేపు పార పట్టుకుని వెళ్ళి బోదె చూస్తానని వ్రాశారు.