దగ్గు ఆగింది కదా అనుకుంటే

జిల్లా పెద్దాసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగంలోకి అడుగుపెట్టగానే డాక్టరమ్మ బల్ల మీది గాజు సీసా కనబడింది. అందులో పల్లీ బద్దలు, చింతపిక్కలు, సీతాఫలం గింజలు, ఒక పిన్నీసు, బొత్తాం అంత బ్యాటరీ. అన్నీ పిల్లల ముక్కుల్లోంచి, గొంతుల్లోంచి తీసినవే.

ఎదుట రెండేళ్ల బాబుతో ఒక తల్లి కూర్చుంది. "పల్లీలు తింటుంటే పొలమారింది మేడమ్. మస్తు దగ్గిండు. జరసేపటికి ఆగింది గదా అని ఊకున్నం. పది రోజులాయె, జరం పోతలేదు."

డాక్టరమ్మ ఛాతీకి రెండు పక్కలా స్టెత్ మార్చి మార్చి విన్నారు. కుడివైపు గాలి సరిగా ఆడటం లేదు. పల్లీ ఎక్స్‌రేలో కనబడదు. లోపలి తడికి ఉబ్బుతుంది, చుట్టూ వాపు తెస్తుంది. గింజ ఒకచోట కుదురుకుంటే దగ్గు ఆగిపోతుంది. "ఆ ఆగడమే మోసం చేస్తుందమ్మా," అంటూ బ్రాంకోస్కోపీకి రాశారు. శ్వాసనాళంలోకి గొట్టం దించి ఇరుక్కున్నదాన్ని తీసే ఈ పద్ధతికి 1897లో జర్మనీ వైద్యుడు గుస్టాఫ్ కిలియన్ దారి వేశారు.

తర్వాత వచ్చిన పాప రాత్రంతా చెవిపోటుతో ఏడ్చిందట. తెల్లారేసరికి చీము కారి, నొప్పి తగ్గి నిద్రపోయింది. నూనె పోయడం వల్లే తగ్గిందని నాయనమ్మ నమ్మకం. నిజానికి కర్ణభేరికి చిల్లు పడి, లోపలి ఒత్తిడి దిగింది. పసిపిల్లల్లో ముక్కు వెనక నుంచి చెవికి పోయే గొట్టం పొట్టిగా, అడ్డంగా ఉంటుంది కనుక జలుబు తేలిగ్గా చెవికి పాకుతుంది. "కారే చెవిలో ఏదీ పొయ్యొద్దు పెద్దమ్మా," అని డాక్టరమ్మ నచ్చజెప్పారు.

ఊపిరి పీల్చేటప్పుడు కూత పెట్టే బిడ్డ అలసిపోతే ఆ కూత కూడా తగ్గుతుందని, అదే అన్నిటికన్నా ప్రమాదమని ఆమె చెప్పినప్పుడు ఒళ్లు జలదరించింది. చొంగ కారుస్తూ, మింగలేక, ముందుకు వంగి కూర్చున్న బిడ్డ నోరు బలవంతంగా తెరవకూడదు. అలాగే కూర్చోబెట్టి ఆసుపత్రికి తేవాలి.

అమ్మలారా, నాలుగేళ్లలోపు పిల్లలకు పల్లీలు గింజలుగా పెట్టకండి. బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు, క్షణం ఆగకండి. పొలమారిన బిడ్డకు దగ్గు ఆగినా సరే, ఒకసారి డాక్టరుకు చూపించండి.